సైకిల్ దిగగానే పరుగు: లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కు ఏ రకం బ్రిక్, ఎంత మోతాదులో?

లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కు సిద్ధమవుతున్న వారికి దాదాపు ప్రతి వారాంతంలోనూ ఒకే సందేహం ఎదురవుతుంది. నాలుగు గంటలు సైకిల్ తొక్కి వచ్చాక బూట్లు మార్చుకుని వెంటనే పరుగెత్తాలా, పరుగెత్తితే ఎంతసేపు, లేక ఆ పరుగును మరుసటి రోజుకు ఉంచుకుని అలసట తీరిన కాళ్లతో చేయడం మేలా? సైకిల్ దిగిన వెంటనే చేసే ఈ పరుగు అభ్యాసాన్ని ట్రయాథ్లాన్ చేసేవారు బ్రిక్ అని పిలుస్తారు. బ్రిక్ లేకుండా పోటీకి వెళ్లడం ప్రమాదమని కొందరు గట్టిగా చెబుతారు. అది అలసటను పెంచడం తప్ప మరేమీ చేయదని మరికొందరు అంతే గట్టిగా చెబుతారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, ఎందుకంటే వాళ్లు మాట్లాడుతున్నది ఒకే పని గురించి కాదు. రెండు గంటల సైకిల్ తర్వాత చేసే 20 నిమిషాల పరుగూ, ఐదు గంటల సైకిల్ తర్వాత చేసే 90 నిమిషాల పరుగూ పేరుకు మాత్రమే ఒకటి. అవి శరీరానికి నేర్పేది వేరు, శరీరం నుంచి తీసుకునేది వేరు.

ఈ వ్యాసం ఫుల్ డిస్టెన్స్‌కు, అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగుకు సిద్ధమవుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. అందులో సగం దూరమైన 1.9, 90, 21.1 కిలోమీటర్ల పోటీకి వెళ్లేవారికి ఏది మారుతుందో కూడా తగిన చోట చెప్పాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. ఎక్కువ మందికి తరచుగా చేసే చిన్న బ్రిక్‌లు, పోటీకి ముందు నెలల్లో రెండో మూడో పెద్ద బ్రిక్‌లు సరిపోతాయి. వారంలోని ముఖ్యమైన లాంగ్ రన్‌ను మాత్రం సైకిల్‌తో ముడిపెట్టకుండా విడిగా ఉంచుకోవాలి. ఎందుకు అలా అనుకుంటున్నానో, ఎవరికి ఈ సలహా వర్తించదో కింద వివరిస్తాను.

## ఎంపికకు ముందు చూడవలసినవి

మొదటిది అందరికీ తెలిసినదే: కాళ్లు. సైకిల్ మీద నడుము ముందుకు వంగి ఉంటుంది, తుంటి కీలు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోదు, తొడ కండరాలు నెట్టడమే తప్ప నేల నుంచి వచ్చే దెబ్బను కాచుకోవలసిన అవసరం ఉండదు. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది, కండరం సాగుతూనే ఆ బరువును ఆపాలి. అందుకే సైకిల్ దిగిన మొదటి కొన్ని నిమిషాలు కాళ్లు మనవి కానట్టు, మోకాళ్ల కింద బరువు కట్టినట్టు ఉంటాయి. అదే వేగంతో పరుగెత్తడానికి మామూలు కంటే ఎక్కువ ప్రాణవాయువు ఖర్చవుతుంది. ఈ తేడా కొత్తవారిలో ఎక్కువగా, ఏళ్ల అనుభవం ఉన్నవారిలో తక్కువగా కనిపిస్తుంది. సంతోషించవలసిన విషయం ఏమిటంటే శరీరం ఈ మార్పును త్వరగానే నేర్చుకుంటుంది. ఆరేడు సార్లు చేసేసరికి ఆ వింత బరువు చాలావరకు తగ్గుతుంది, ఆ తర్వాత అప్పుడప్పుడు గుర్తుచేస్తే చాలు.

రెండవది వేగంపై అంచనా. లాంగ్ డిస్టెన్స్‌లో నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో కొన్ని గంటలు ప్రయాణించిన మనిషికి గంటకు పది కిలోమీటర్ల వేగం నిలబడినట్టే అనిపిస్తుంది. దానికి తోడు సైకిల్ మీద కాళ్లు తిప్పిన లయ ఇంకా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి అడుగులు తెలియకుండానే త్వరగా పడతాయి. కిలోమీటరుకు 6 నిమిషాల 15 సెకన్ల చొప్పున మారథాన్ పూర్తిచేయాలని అనుకున్న వ్యక్తి మొదటి కిలోమీటరు చివర వాచీ చూసుకుంటే 5 నిమిషాల 20 సెకన్లు కనిపిస్తుంది. ఆ వ్యక్తికి అది కష్టంగా అనిపించలేదు, ఆయాసం కూడా లేదు, పైగా ఈ రోజు ఒళ్లు బాగుందన్న ఆనందం కూడా ఉంటుంది. ఆ ఆనందానికి మూల్యం 28వ కిలోమీటరు తర్వాత చెల్లించాలి. ఈ పొరపాటును చదివి సరిదిద్దుకోవడం కష్టం. సైకిల్ దిగి, వాచీ చూసి, వేగం తగ్గించుకుని, తగ్గించిన తర్వాత కూడా ఇంకా ఎక్కువగానే ఉందని గమనించి మళ్లీ తగ్గించుకోవడం పదిసార్లు చేస్తే తప్ప అది ఒంటికి పట్టదు.

మూడవది కడుపు. కండరాల్లో, కాలేయంలో కలిపి నిల్వ ఉండే గ్లైకోజెన్ సుమారు 500 గ్రాములు మాత్రమే, పది పన్నెండు గంటల పోటీకి అది ఏ మూలకూ చాలదు. అందుకే గంటకు 60 గ్రాముల నుంచి 90 గ్రాముల దాకా కార్బోహైడ్రేట్ తీసుకుంటూ పోవాలి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు సుమారు 60 గ్రాములకు మించి పీల్చుకోలేదు, ఫ్రక్టోజ్ కూడా కలిస్తే వేరే దారి తెరుచుకుంటుంది కాబట్టి 90 వరకు వెళ్లవచ్చు. సైకిల్ మీద ఇది చాలామందికి సాధ్యమే. అదే మనిషి దిగి పరుగు మొదలుపెట్టగానే కడుపు కుదుపుకు లోనవుతుంది, రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది, అప్పటిదాకా హాయిగా దిగిన జెల్ (చిన్న ప్యాకెట్‌లో వచ్చే చిక్కని కార్బోహైడ్రేట్ ఆహారం) గొంతులోకి వచ్చినట్టు అనిపిస్తుంది. 1982 ఫిబ్రవరిలో హవాయి ఐరన్‌మ్యాన్ అనే ఫుల్ డిస్టెన్స్ పోటీలో ముందంజలో ఉన్న జూలీ మాస్ గమ్యానికి కొద్ది దూరంలో కుప్పకూలి, పాకుతూ గీత దాటడం ఈ క్రీడ చరిత్రలో అందరూ గుర్తుపెట్టుకున్న దృశ్యం. ఆమెను చివరి క్షణాల్లో దాటిన క్యాథ్లీన్ మెకార్ట్నీకి విజయం దక్కింది. లాంగ్ డిస్టెన్స్‌లో కాళ్లు మొరాయించేది సాధారణంగా సైకిల్ దిగిన మొదటి పది నిమిషాల్లో కాదు, సత్తువ అడుగంటిన చివరి గంటలో. మనం ఎంచుకునే బ్రిక్ ఆ చివరి గంటకు ఏమి చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

నాల్గవది భారం, అంటే ఆ అభ్యాసం నుంచి కోలుకోవడానికి పట్టే కాలం. అలసిన కాళ్లతో పరుగెత్తితే అడుగు తీరు చెడుతుంది, పిక్కల మీద, మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువు మీద అనవసరపు ఒత్తిడి పడుతుంది. ఒక ఆదివారం చేసిన అభ్యాసం వల్ల మంగళ, బుధవారాల అభ్యాసాలు పాడైతే వారం మొత్తంగా నష్టమే. ఐదవది సమయం, దాని గురించి ఎక్కువగా చెప్పనవసరం లేదు, ఎవరి ఇల్లు వారికి తెలుసు.

ఒక తేడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు ఉండే ఒలింపిక్ దూరపు పోటీలో మొదటి కిలోమీటరు తడబాటు మొత్తం పరుగులో పదో వంతు. అక్కడ కాళ్ల మార్పే మొదటి ప్రమాణం. ఫుల్ డిస్టెన్స్‌లో అదే తడబాటు నలభై రెండింటిలో ఒక వంతు మాత్రమే. కాబట్టి చిన్న పోటీలకు సిద్ధమయ్యేవారి బ్రిక్ పద్ధతులను యథాతథంగా తెచ్చుకుంటే మనకు అంతగా అవసరం లేని దాన్ని ఎక్కువగా, చాలా అవసరమైన దాన్ని తక్కువగా అభ్యసించినట్టవుతుంది.

## మొదటి ఎంపిక: ప్రతి లాంగ్ రైడ్ తర్వాత చిన్న పరుగు

లాంగ్ రైడ్ ముగిశాక 15 నుంచి 30 నిమిషాలు తేలికగా పరుగెత్తడం ఈ పద్ధతి. కాళ్ల మార్పుకు ఇది పూర్తిగా సరిపోతుంది, ఎందుకంటే ఆ మార్పు జరిగేదే ఆ మొదటి పావుగంటలో. వేగంపై అంచనాకు కూడా ఇదే అత్యుత్తమమని నా నమ్మకం. పోటీలో తప్పు చేసేది మొదటి రెండు కిలోమీటర్లలోనే కాబట్టి ఆ రెండు కిలోమీటర్లను పదిహేను సార్లు అభ్యసించిన వ్యక్తి, ఇరవై కిలోమీటర్ల బ్రిక్‌ను మూడు సార్లు చేసిన వ్యక్తి కంటే ఆ విషయంలో మెరుగ్గా ఉంటాడు.

భారం తక్కువ. 20 నిమిషాల తేలిక పరుగు మరుసటి రోజు లాంగ్ రన్‌ను పాడుచేయదు. కడుపు విషయంలో మాత్రం ఇది సగమే నేర్పుతుంది: సైకిల్ మీద తిన్నది పరుగు మొదట్లో కుదురుగా ఉంటుందా లేదా అన్నది తెలుస్తుంది కానీ, పరుగెత్తుతూ రెండు గంటలు తింటూ పోగలరా అన్నది తెలియదు.

దీనిలో ఒక బలహీనత ఉంది, అది పద్ధతిది కాదు, చేసేవారిది. చిన్న పరుగు కదా అని వేగంగా పరుగెత్తి ముగించేవారు చాలామంది. అలా చేస్తే వేగంపై అంచనా నేర్చుకోవడం మాట అటుంచి, పోటీలో చేయకూడని పనినే ప్రతి వారం సాధన చేసినట్టవుతుంది. మొదటి పది నిమిషాలు పోటీ వేగం కంటే కిలోమీటరుకు పది సెకన్లు నెమ్మదిగా ఉండాలన్న నియమం పెట్టుకుంటే ఈ చిన్న పరుగు విలువ రెట్టింపవుతుంది.

## రెండవ ఎంపిక: పెద్ద బ్రిక్

నాలుగు నుంచి ఐదున్నర గంటల సైకిల్, ఆ వెంటనే 60 నుంచి 90 నిమిషాల పరుగు. పోటీ రోజు తినబోయేదే తింటూ, పోటీ రోజు వేసుకోబోయే బట్టలూ బూట్లూ వేసుకుని, పోటీ తీవ్రతతో చేసే నమూనా పరీక్ష ఇది. మిగతా ఏ పద్ధతీ ఇవ్వలేని సమాధానాలు రెండు దీని నుంచి వస్తాయి. ఒకటి, మీరు సైకిల్ మీద పెట్టుకున్న తీవ్రత సరైనదేనా? రెండు, మీ కడుపు మీరు అనుకున్న ఆహారాన్ని పరుగులో భరిస్తుందా?

మొదటి ప్రశ్నను కొంచెం దగ్గరగా చూద్దాం. సైకిల్ తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ ఉన్న ఒకరి ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శక్తి, 200 వాట్లు అనుకుందాం. ఫుల్ డిస్టెన్స్‌లో సాధారణ పోటీదారులు అందులో 65 నుంచి 75 శాతం మధ్య తొక్కుతారు కాబట్టి 140 వాట్లు మధ్యస్థమైన లెక్క. ఆ మనిషి 155 వాట్ల వద్ద తొక్కితే మొదటి మూడు గంటల్లో ఏ తేడా తెలియదు, నిజానికి 140 వద్ద విసుగుగానూ 155 వద్ద హుషారుగానూ ఉంటుంది. ఆ 15 వాట్ల తేడా సైకిల్ మీద బయటపడదు, పరుగు మొదలైన నలభై నిమిషాల తర్వాత బయటపడుతుంది: అదే వేగానికి గుండె వేగం నిమిషానికి పది పన్నెండు పెరుగుతుంది, అడుగులు కుంచించుకుపోతాయి, ఏ జెల్ చూసినా వద్దనిపిస్తుంది. 20 నిమిషాల పరుగులో ఇది కనిపించే అవకాశమే లేదు. అందుకే పెద్ద బ్రిక్‌ను నేను పరుగు అభ్యాసంగా కాక సైకిల్ మీద తీసుకున్న నిర్ణయానికి పరీక్షగా చూస్తాను. పరుగు బాగా జరగకపోతే సరిదిద్దుకోవలసింది ఎక్కువ సందర్భాల్లో పరుగు కాదు, సైకిల్ తీవ్రత లేదా ఆహారం.

భారం విషయానికి వస్తే ఐదు ఎంపికల్లో ఇదే అత్యంత ఖరీదైనది. దీని నుంచి కోలుకోవడానికి చాలామందికి మూడు నాలుగు రోజులు పడుతుంది, వయసు నలభై దాటినవారికి అంతకంటే ఎక్కువ పట్టడం మామూలే. నా మొదటి ఫుల్ డిస్టెన్స్ సన్నాహంలో ఎనిమిది వారాలు వరుసగా ప్రతి ఆదివారం పెద్ద బ్రిక్ చేయాలని నిర్ణయించుకున్నాను. ఆరో వారంలో ఎడమ అకిలీస్ దగ్గర ఉదయం మంచం దిగేటప్పుడు మాత్రమే తెలిసే చిన్న నొప్పి మొదలైంది, ఏడో వారం చివరికి మెట్లు దిగడమే కష్టమైంది, పోటీకి ముందు ముఖ్యమైన మూడు వారాల్లో నీటిలోనూ సైకిల్ మీదా తప్ప నేల మీద ఏమీ చేయలేకపోయాను. చేసిన బ్రిక్‌లలో మొదటి రెండు నాకు ఏమి నేర్పాయో నోటుపుస్తకంలో వివరంగా రాసుకున్నాను. ఆ తర్వాతి వాటి గురించి రాసుకోవడానికి కొత్త విషయమేదీ దొరకలేదు. పెద్ద బ్రిక్ సమాచారం ఇచ్చే సాధనం, సమాచారం అందాక దాన్ని మళ్లీ మళ్లీ చేయడం వల్ల మిగిలేది అలసటే.

## మూడవ ఎంపిక: ముక్కలుగా చేసే బ్రిక్

30 నిమిషాల సైకిల్, 10 నిమిషాల పరుగు. మళ్లీ సైకిల్, మళ్లీ పరుగు. ఇలా మూడు నాలుగు విడతలు. సైకిల్‌ను కదలకుండా నిలిపి ఇంట్లోనే తొక్కనిచ్చే ట్రెయినర్ అనే స్టాండ్ మీద సైకిల్ బిగించుకున్నవారికి ఇది చాలా వీలుగా ఉంటుంది. సైకిల్ దిగడం, హెల్మెట్ తీయడం, బూట్లు తొడగడం, నడుముకు నంబరు బెల్టు పెట్టుకోవడం వంటి ట్రాన్సిషన్ పనులు ఒక్క రోజులోనే నాలుగు సార్లు సాధన అవుతాయి. కాళ్ల మార్పును త్వరగా నేర్పడంలో దీనికి సాటి లేదు.

అయితే ఇది స్వభావరీత్యా చిన్న పోటీల సాధనం. విడతలు చిన్నవి కాబట్టి తీవ్రత పెరుగుతుంది, ఆహారం అవసరం పెద్దగా రాదు, అలసట లాంగ్ డిస్టెన్స్ అలసటలా ఉండదు. సన్నాహం తొలి నెలల్లో, లాంగ్ రైడ్‌లు ఇంకా మూడు గంటలకు చేరని దశలో, కొత్తవారు నెలకు రెండు సార్లు చేస్తే మంచి పునాది పడుతుంది. పోటీకి పది వారాల లోపు వచ్చాక దీనికి చోటు కల్పించడానికి మరేదీ తగ్గించుకోవద్దు.

## నాల్గవ ఎంపిక: ఉదయం సైకిల్, సాయంత్రం పరుగు, లేదా శనివారం సైకిల్, ఆదివారం పరుగు

దీన్ని బ్రిక్ అనవచ్చా అని కొందరు అడుగుతారు. సైకిల్ దిగిన వెంటనే చేయడం లేదు కాబట్టి కాదు. కానీ లాంగ్ డిస్టెన్స్‌కు కావలసిన ముఖ్యమైన గుణం, అంటే అలసిన కాళ్లతో చక్కని తీరులో పరుగెత్తగలగడం, దీని ద్వారా బాగా అలవడుతుంది. శనివారం ఐదు గంటల సైకిల్ తర్వాత ఆదివారం ఉదయం చేసే రెండు గంటల పరుగులో కాళ్లు మారథాన్ మధ్యలో ఉన్న స్థితికి దగ్గరగా ఉంటాయి, కానీ మధ్యలో తిండీ నిద్రా దొరికాయి కాబట్టి అడుగు తీరు పూర్తిగా చెడదు. గాయాల భయం ఉన్నవారికి దీనికి మించిన పద్ధతి లేదని అనుభవం మీద చెప్పగలను.

ఇది నేర్పనివి కూడా స్పష్టమే. సైకిల్ దిగిన మొదటి కిలోమీటరు భ్రమ ఇక్కడ ఎదురుకాదు. కుదుపులో కడుపు ఎలా ఉంటుందో కొంతవరకే తెలుస్తుంది. అందుకే దీన్ని మొదటి ఎంపికతో జతచేయాలి: శనివారం సైకిల్ దిగగానే 15 నిమిషాలు, ఆదివారం అసలు లాంగ్ రన్. ఎక్కువ మందికి నేను సూచించే వారాంతం ఇదే.

## ఐదవ ఎంపిక: బ్రిక్ లేకుండానే

ఏళ్ల తరబడి ట్రయాథ్లాన్‌లు చేసి, కాళ్ల మార్పు రక్తంలో ఇంకిపోయినవారికి, లేదా గాయం నుంచి కోలుకుంటున్నవారికి ఇది సమంజసమైన ఎంపిక. మిగతావారికి కాదు. బ్రిక్ ఏమీ చేయకుండా పోటీ పూర్తిచేసినవారు ఉన్నారు. చాలా ఫుల్ డిస్టెన్స్ పోటీల్లో ఇచ్చే 17 గంటల గడువులో పూర్తిచేయడానికి అది అడ్డంకి కాకపోవచ్చు. కానీ తొలిసారి వెళ్లేవారికి ఆ మొదటి పావుగంట కలిగించే భయం చిన్నది కాదు. నా కాళ్లకు ఏమైంది అన్న ఆందోళనలో తీసుకునే నిర్ణయాలు, అంటే ఉన్నట్టుండి నడవడం, ఒకేసారి రెండు జెల్‌లు మింగడం, కనిపించిన ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగి తాగడం, ఆ తర్వాతి గంటలను పాడుచేస్తాయి.

## ఒకచోట చూస్తే

| ఎంపిక | కాళ్ల మార్పు | వేగంపై అంచనా | కడుపు అలవాటు | శరీరంపై భారం | ఎంత తరచుగా |
|---|---|---|---|---|---|
| లాంగ్ రైడ్ తర్వాత 15–30 నిమిషాలు | పూర్తిగా | చాలా బాగా | సగం | తక్కువ | దాదాపు ప్రతి వారం |
| పెద్ద బ్రిక్ | పూర్తిగా | బాగా | పూర్తిగా | చాలా ఎక్కువ | మొత్తం 2–3 సార్లు |
| ముక్కల బ్రిక్ | చాలా త్వరగా | కొంత | దాదాపు లేదు | మధ్యస్థం | తొలి నెలల్లో నెలకు 2 |
| వేరు పూటల్లో లేదా వరుస రోజుల్లో | లేదు | కొంత | కొంత | మధ్యస్థం | వారం వారం |
| బ్రిక్ లేకుండా | లేదు | లేదు | లేదు | లేదు | అనుభవజ్ఞులకు, గాయపడినవారికి |

పట్టిక చూసి పెద్ద బ్రిక్‌కే ఎక్కువ మార్కులు పడ్డాయని అనుకోవద్దు. భారం గడి మిగతా అన్ని గడులనూ తినేయగలదు. గాయంతో పోటీకి చేరినవారికి కాళ్ల మార్పు పూర్తిగా వచ్చినా ఉపయోగం లేదు.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

మొదటిసారి ఫుల్ డిస్టెన్స్‌కు వెళ్తున్నవారు పన్నెండు వారాల ముందు నుంచి వారానికి ఒక చిన్న బ్రిక్, పోటీకి ఎనిమిది వారాల ముందు ఒకటి, నాలుగైదు వారాల ముందు మరొకటి పెద్ద బ్రిక్ పెట్టుకుంటే సరిపోతుంది. మొదటి పెద్ద బ్రిక్‌లో తప్పులు జరుగుతాయి, జరగాలి కూడా; రెండవది ఆ తప్పులు సరిదిద్దుకున్నారో లేదో చూడటానికి. పోటీకి మూడు వారాల లోపు పెద్ద బ్రిక్ వద్దు. అప్పుడు తెలిసిన విషయాన్ని వాడుకునే వ్యవధి ఉండదు, అలసట మాత్రం మిగులుతుంది.

పరుగు నేపథ్యం నుంచి వచ్చినవారి పరిస్థితి వేరు. వీరికి మారథాన్ కొత్త కాదు కాబట్టి పరుగు తమ బలమని నమ్ముతారు, అక్కడే దెబ్బతింటారు. విడిగా మారథాన్ మూడున్నర గంటల్లో చేసే వ్యక్తి సైకిల్ దిగాక కూడా అదే లయను వెతుక్కుంటారు. వీరికి బ్రిక్ అవసరం కాళ్ల కోసం కాదు, తమ పాత వేగాన్ని మరిచిపోవడం కోసం. చిన్న బ్రిక్‌లు క్రమం తప్పకుండా చేస్తూ, మిగిలిన సమయాన్ని సైకిల్ దూరం పెంచుకోవడానికి వాడితే మేలు. సైకిల్ మీద బలం పెరిగితే అదే 180 కిలోమీటర్లు తక్కువ ఖర్చుతో ముగుస్తాయి, ఆ మిగులే పరుగులో వేగంగా మారుతుంది. పరుగు బాగా వచ్చినవారికి సైకిల్ అభ్యాసమే అన్నిటికంటే మంచి పరుగు అభ్యాసమని చెప్పడం వింతగా అనిపించవచ్చు కానీ, లాంగ్ డిస్టెన్స్‌లో అది నిజం.

సైకిల్ నేపథ్యం ఉన్నవారికి గుండె, ఊపిరితిత్తులు ఎప్పుడో సిద్ధమై ఉంటాయి. ఎముకలు, స్నాయువులు సిద్ధంగా ఉండవు. ఐదు గంటలు తొక్కి దిగాక కూడా వీరికి ఊపిరి నిండుగా ఉంటుంది కాబట్టి ఎంతసేపైనా పరుగెత్తగలమనిపిస్తుంది. ఆ ధైర్యంతో పెద్ద బ్రిక్‌లకు దిగితే పిక్కలు, అరికాళ్లు, ముంగాళ్ల ఎముకలు ముందుగా దెబ్బతింటాయి. వీరు వారానికి నాలుగైదు చిన్న పరుగులతో కాళ్లను అలవాటు చేసుకున్నాకే పెద్ద బ్రిక్ గురించి ఆలోచించాలి, అదీ 60 నిమిషాలకు మించకుండా.

సమయం తక్కువగా ఉన్నవారికి చిన్న బ్రిక్ వరం. వారం మధ్యలో గంట సైకిల్, ఇరవై నిమిషాల పరుగు ఒకే స్నానంతో, ఒకే బట్టలతో ముగుస్తాయి.

కచ్చితమైన సమయాన్ని లక్ష్యంగా పెట్టుకున్న అనుభవజ్ఞులకు మూడో పెద్ద బ్రిక్ ఉపయోగపడవచ్చు, కానీ అది పోటీ తీవ్రతలో ఉండాలి, పరుగు చివరి మూడో వంతులో గుండె వేగం ఎలా మారిందో లెక్క చూసుకోవాలి. హవాయి ఐరన్‌మ్యాన్‌లో 1989లో మార్క్ అలెన్, డేవ్ స్కాట్ రోజంతా పక్కపక్కనే సాగి, చివరకు 58 సెకన్ల తేడాతో తేలిన పోటీలో అలెన్ పైచేయి సాధించింది మారథాన్ చివరి మైళ్లలోనే; ఆయన పరుగు సమయం 2 గంటల 40 నిమిషాల 4 సెకన్లు. ఆ స్థాయి మనది కాకపోయినా, సైకిల్ నుంచి ఎంత మిగుల్చుకుని దిగామన్న లెక్క ఏ స్థాయిలోనైనా ఒకటే.

హాఫ్ డిస్టెన్స్‌కు వెళ్లేవారు ఈ సలహాలోని కొలతలను మార్చుకోవాలి. సైకిల్ తీవ్రత ఎఫ్‌టీపీలో 75 నుంచి 85 శాతం వరకు ఉంటుంది, పరుగు దూరం తక్కువ, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. రెండున్నర గంటల సైకిల్, 45 నిమిషాల పరుగు వారికి పెద్ద బ్రిక్ అవుతుంది, దాన్ని మూడు వారాలకు ఒకసారి చేసినా ఇబ్బంది ఉండదు.

## చేసే రోజున

సైకిల్ చివరి ఐదారు నిమిషాలు గేరు తగ్గించి, కాళ్లను తేలికగా, కొంచెం వేగంగా తిప్పండి. అది దిగాక అడుగుల లయకు సాయపడుతుంది. బూట్లకు లాగగానే బిగిసే రబ్బరు తాళ్లు పెట్టుకుంటే వణికే వేళ్లతో ముడి వేయవలసిన అవసరం ఉండదు. దిగేటప్పటికి జేబులో రెండు జెల్‌లు ఉండాలి. ఒక్కోదానిలో 30 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటే, మొదటిది పదిహేనో నిమిషం దగ్గర, గుండె కాస్త నెమ్మదించాక, రెండోది నలభై ఐదో నిమిషం దగ్గర, రెండింటికీ నీళ్లతో. సైకిల్ మీద చివరి అరగంటలో గట్టి ఆహారం ఆపేసి ద్రవాలకు, జెల్‌లకు మారితే పరుగు మొదట్లో వికారం చాలావరకు తగ్గుతుంది.

వాచీలో మొదటి రెండు కిలోమీటర్లకు పరిమితి పెట్టుకోండి, దాటితే శబ్దం చేసేలా. మూడో కిలోమీటరు నుంచి వాచీ చూడకుండా ఊపిరిని బట్టి పరుగెత్తండి. పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తీవ్రత సరైనదే. ముగించాక అదే రోజు మూడు విషయాలు రాసుకోండి: సైకిల్ సగటు తీవ్రత, గంటకు తిన్న గ్రాములు, పరుగు మొదటి మూడో వంతుకూ చివరి మూడో వంతుకూ ఒకే వేగంలో గుండె వేగం తేడా. ఆ తేడా పది దాటితే వేడి, నీళ్లు, సైకిల్ తీవ్రత అన్న వరుసలో కారణం వెతకండి.

అనుకున్న పరుగును రద్దు చేయవలసిన రోజులు కూడా ఉంటాయి. సైకిల్ దిగగానే తల తిరిగినా, పదిహేను అడుగులు నడిచినా తగ్గని సూదిపోటు లాంటి నొప్పి కీలులోనో స్నాయువులోనో ఉన్నా, నాలుగు గంటలు తొక్కినా మూత్రం రాలేదని గుర్తొచ్చినా ఆ రోజు పరుగు వద్దు. రద్దు చేసిన బ్రిక్‌ను మరుసటి రోజు లాంగ్ రన్‌కు కలపవద్దు, వారం మధ్యలో దానికి చోటు వెతకవద్దు. తర్వాతి శనివారం మళ్లీ 15 నిమిషాలతో మొదలుపెట్టండి.